అంకె రానివాడికి గాలి లేదు

బల్ల మీద కూర్చున్న డ్రిల్లర్ పెదవులు నల్లబడుతున్నాయి. క్రషర్ డిస్పెన్సరీలో కాంపౌండర్ అతని వేలికి క్లిప్పు పెట్టాడు. రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చూపాల్సిన మానిటర్ మీద అంకె రాలేదు. రెండు గీతలు వచ్చాయి. వేలు మార్చాడు. అవే గీతలు. చల్లబడ్డ ఆ చేతిని తన అరచేతుల మధ్య కాసేపు రుద్ది మళ్ళీ పెట్టాడు. ఆ మాత్రం దయ అతనిలో ఉంది.

"సిలిండర్ విప్పవయ్యా!" అంది డ్రిల్లర్ భార్య.

"అంకె తొంభై కిందికి దిగితేనే విప్పమని మేనేజర్‌గారి ఆర్డరమ్మా. అసలు అంకే రావట్లేదు. ఏమని రాయను?"

"మూతి నల్లబడిందని రాయి. నీకు కళ్ళు లేవా?"

గుమ్మం నిండా క్వారీ కూలీలం మేమే. మా వెనక క్రషర్ రాళ్ళు నములుతూనే ఉంది.

మేనేజర్ వచ్చాడు. "క్లిప్పు పాడుచేసింది ఈవిడే కదా! కొత్తది కావాలంటే కంపెనీతో సర్వీసు ఒప్పందం మళ్ళీ రాయించాలి. మీ కూలీలో కోసుకోమంటే ఇప్పుడే ఫోన్ చేస్తా."

ఆమె తల దించుకుంది. రోజూ డిస్పెన్సరీ ఊడ్చేది ఆమే. క్లిప్పులో రాతిపొడి పేరుకుందని, మొగుడి డ్రిల్ మొనలు తుడిచినట్టే కిరసనాయిలు గుడ్డతో తుడిచింది. లోపలి అద్దం మసకబారిపోయింది.

"నా చేతులు పడిపోను," అని గొణిగింది.

"కోసుకోమందాంరా," అన్నాడు ముసలి మందుగుండు మేస్త్రీ. "ముందు మనిషి బతకాలి."

"ఆర్నెల్లుగా కోస్తూనే ఉన్నారు కదా బాబాయ్, మిషన్ ఖర్చని! అదంతా ఎవరు మింగారు?" అన్నాడు ఎలక్ట్రీషియన్. "అక్కా, తలెత్తు. నువ్వు తుడవకపోయినా దుమ్ముతో పోయేదే. ఆ దుమ్మెవరిది? అదే దుమ్ము అన్న ఊపిరితిత్తుల్లోనూ ఉంది. దాన్ని తుడిచే గుడ్డ ఈయన దగ్గరుందేమో అడుగు!"

"లీడరైపోయావే!" అన్నాడు మేనేజర్.

"మీ మాటలు తగలెయ్య! ముందు దాన్ని ఆపండి!" ఆమె క్రషర్ వైపు చెయ్యి చాచి అరిచింది.

ఎలక్ట్రీషియన్ ముందు, మేమంతా వెనక స్విచ్చిల గదికి నడిచాం. అతను ఒక మీట దించాడు. క్రషర్ ఆగింది. పనిరోజు పట్టపగలు అంత నిశ్శబ్దం మేమెవరం ఎరగం. గుమ్మం దగ్గరికి తిరిగొస్తే అందులో డ్రిల్లర్ ఊపిరి వినిపించింది, ఈల వేసినట్టు, తెగి తెగి. కాంపౌండర్ ఎవరి వంకా చూడకుండా సిలిండర్ విప్పాడు.

"నీ ఉద్యోగం ఊడుతుంది," అన్నాడు మేనేజర్.

"ఊడనీండి సార్."

డ్రిల్లర్ కళ్ళు తెరిచాడు. చెవులు రిక్కించి భార్యనడిగాడు: "ఇవాళ సెలవా?"

"సెలవే. పడుకో."

గాలి అందేసరికి ఆలస్యమైపోయింది. పొద్దు వాలకముందే పోయాడు.

శవం బల్ల మీద ఉండగానే మేనేజర్ పిలిపించిన పోలీసు జీపు వచ్చింది. ఎలక్ట్రీషియన్ చెప్పులు తొడుక్కునేదాకా ఒక కానిస్టేబుల్ ఆగాడు. తర్వాత ఎక్కించారు.

"అయిందిగా! పనిలోకి నడవండి," అన్నాడు మేనేజర్.

ఎవరూ కదల్లేదు. ఈసారి నోరు విప్పింది ముసలి మేస్త్రీ. "అంకె వచ్చినా రాకపోయినా గాలి ఇస్తామని కాగితం మీద రాయండి. మానిటర్ బాగోగులు మీ ఖర్చని రాయండి. మావాణ్ణి జీపులోంచి దింపండి. అప్పుడు చూద్దాం."

"మీరు లేకపోతే నడవదనుకుంటున్నారా?"

మేనేజర్ స్విచ్చిల గదికి నడిచాడు. దారి ఇచ్చాం. గోడ నిండా మీటలు. ఒకదాని మీద చెయ్యి వేసి తీసేశాడు. మరోదాని మీద వేశాడు. వెనక్కి తిరిగి మా మొహాలు చూశాడు.

రెండొందల మందిమి ఉన్నాం. ఏ మీటో ఒక్కరం కూడా చెప్పలేదు.