ముక్కలు అతికించినవాళ్ళు

దుప్పటి రెండో కొస పరుపు కింద దోపుతుంటే ముసలాయన కాలు ఆయా మోచేతికి తగిలింది. పుల్లలా ఉంది. కింద మళ్ళీ తడి. ఆయా నిట్టూర్చలేదు, దుప్పటి లాగేసి ఇంకోటి పరిచింది. వార్డులో ఏళ్ళ తరబడి ఎత్తిపోస్తున్న మలమూ చీమూ ఆమెకు అసహ్యం కాదు. గుడ్డ ముక్క, కాస్త ఫినాయిలు ఉంటే పోతాయి.

పక్షవాతం వచ్చాక ఆయనకు మాటలు మిగిలాయి గాని, వాటిని కలిపేది పోయింది. చినిగిన సంచీలోంచి సరుకుల్లా ఒక్కొక్కటే రాలతాయి. అందుకే వాక్యం ఆయానే కట్టి అడుగుతుంది. అవునైతే కళ్ళు మూస్తాడు. కాదంటే రెప్ప వాల్చడు.

కోడలు పొద్దున్నుంచీ స్టూలు మీదే ఉంది, డాక్టరొస్తాడని పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా. మధ్యాహ్నం కూతురు దిగింది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడింది.

"కోడలు," అన్నాడు ముసలాయన. కాసేపటికి, "అన్నం... పెట్టు..."

కూతురు వెంటనే ఫోను అందుకుంది. "విన్నావా పిన్నీ? కోడలు అన్నం పెట్టడం లేదట. నాన్న నోటితోనే అన్నాడు."

"రోజూ నేనే కదా వదినా..."

"నేనన్నానా తల్లీ? ఆయనే అంటున్నాడు."

ఆయా మంచం మీదికి వంగింది. "పెద్దాయనా, కోడలు మీకు అన్నం పెట్టడం లేదా?"

కళ్ళు విప్పారి అలాగే ఉన్నాయి.

"పోనీ, కోడలికి అన్నం పెట్టమంటున్నారా?"

గట్టిగా మూశాడు. కొసల్లోంచి నీళ్ళు కారాయి.

"నిద్రొస్తోంది ఆయనకి," అంది కూతురు. "నీకెందుకమ్మా ఈ పెత్తనం? తుడిచేదేదో తుడువు."

ఎన్ని వాంతులెత్తినా రాని వికారం ఆయాకు ఆ మాటకొచ్చింది. ఎదురు మాట్లాడితే రేపు గేటు బయటే. క్యాంటీనుకెళ్ళి పళ్ళెంలో అన్నం తెచ్చి కోడలి ఒళ్ళో పెట్టింది. "తినమ్మా. మీ మామగారు చెప్పారు."

కోడలు కలిపి, ముద్ద చేసి, ఆయనవైపు చూసింది. ఆయన గొంతులో గురక ఎప్పుడాగిందో ఎవరికీ తెలియలేదు.

నర్సు వచ్చి నాడి పట్టుకుని చూసి, దుప్పటి మొహం మీదికి లాగింది. వరండాలో కూతురు బంధువులకు ఒక్కొక్కరికే చెబుతోంది, "ఆఖరి మాటా అదే. కోడలు అన్నం పెట్టలేదనే పోయాడు." చెప్పినకొద్దీ ఆ వాక్యం నున్నబడుతోంది. దాన్ని కడగడానికి ఏ ఫినాయిలూ లేదు. ఆయా బకెట్లో ఉమ్మింది.

సాయంత్రం శవాన్ని తీసుకెళ్ళారు. చెయ్యి కడుక్కోకుండానే కోడలు వెంట నడిచింది. స్టూలు మీద పళ్ళెం అలాగే ఉంది. అంచున కట్టిన ముద్ద, దాని మీద ఆరిపోతున్న వేళ్ళ గుర్తులు.