మూడు పక్కటెముకలు

చిన్నోడికి ముప్పై ఆరేళ్లు. మనిషి ఆరడుగులు, గుమ్మాల్లో తల వంచుకుని నడుస్తాడు. అయినా అక్క పెట్టిన పిలుపు కాబట్టి సామాన్ల కంపెనీలో కూడా అదే స్థిరపడిపోయింది. ఇళ్లు మారేవాళ్ల సామాను మోయడం అతని పని. పదకొండేళ్లుగా బావతో జోడీగా మోశాడు. బీరువా అయినా ఫ్రిజ్ అయినా బావ కింద మెట్టు మీద, చిన్నోడు పై మెట్టు మీద. ఇద్దరి భుజాల మీదుగా పోయే మోత బెల్టు ఒకటే. మెట్లు దిగేటప్పుడు కిందున్న వాడి మీదే బరువెక్కువ పడుతుంది. ఆ చోటు బావ ఎన్నడూ వదులుకోలేదు. "నువ్వు పొడుగు, వంగలేవు. పైనే ఏడువు" అని నవ్వేవాడు.

ఆరు వారాల కిందట ఒక మూడంతస్తుల ఇంట్లోంచి ఇనప బీరువా దింపుతుంటే జారింది. బావ దాని కింద పడ్డాడు. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు.

చిన్నోడికి గుర్తున్నది ఒక్కటే. బీరువా అంచు పట్టుకున్న వేళ్లు, ఆ తర్వాత ఏమీ పట్టుకోని వేళ్లు. మధ్యలో ఏం జరిగిందో ఎంత తవ్వుకున్నా దొరకలేదు. ఆస్పత్రి వరండాలో అక్క అతని చొక్కా గుప్పిట పట్టుకుని, "ఎందుకు వదిలేశావురా?" అని అడిగింది.

"ఏమో అక్కా" అన్నాడు.

అక్క దాన్ని ఒప్పుకోలుగా తీసుకుంది. అతనూ అలాగే తీసుకున్నాడు.

అతను ఉండేది అక్కావాళ్ల ఇంట్లోనే, వెనక గదిలో. అమ్మ పోయేనాటికి అతనికి తొమ్మిదేళ్లు. అప్పటి నుంచి పెంచింది అక్కే. ఇప్పుడు కూడా వేళకి కంచంలో పెట్టి మూత వేసేది. "కంచం అక్కడుంది" అని గోడకి చెప్పినట్టు చెప్పి లోపలికి వెళ్లిపోయేది. అతను తినేవాడు. ఉప్పు ఎక్కువైందో తక్కువైందో తెలిసేది కాదు. ఒకరోజు కాలే టీ తాగేశాడు. నాలుక పొక్కిందని మర్నాడు పళ్లు తోముకుంటుంటే తెలిసింది.

వీపులో కుడి రెక్క ఎముక కింద ఏదో ఉన్నట్టుండేది. నొప్పి అనడానికి కూడా మనసు పోలేదు. కుడివైపు తిరిగి పడుకోలేకపోయేవాడు, కాబట్టి ఎడమవైపు తిరిగేవాడు. నేల మీద పడుకుంటున్నందుకే అనుకున్నాడు. ఊపిరి సగంలోనే ఆగిపోయేది. మనిషి పోయాక ఊపిరి ఆ మాత్రమే ఆడుతుందేమో అనుకుని ఊరుకున్నాడు.

నెల తిరిగాక పనిలోకి వెళ్లాడు. రెండు వారాలు ఎలాగో లాక్కొచ్చాడు. ఆరోవారం చివర్లో ఒకరోజు పొద్దున పుస్తకాల అట్టపెట్టె ఎత్తుతూ తుమ్మాడు. అంతే, మోకాళ్ల మీద కూలబడ్డాడు. నోట్లోంచి మాట రాలేదు. పెట్టె కిందపడి చిరిగి పుస్తకాలన్నీ రోడ్డు మీద పరుచుకున్నాయి.

అందరూ చుట్టూ మూగారు. తలా ఒక వైద్యం చెప్పారు. "గ్యాసురా, ఒక సోడా కొట్టు, దిగిపోతుంది" అన్నాడొకడు. "గ్యాసూ లేదు గడ్డీ లేదు, వీపు పట్టేసింది. బోర్లా పడుకోబెట్టి తొక్కితే సర్దుకుంటుంది" అని లారీ డ్రైవరు చెప్పులు కూడా విప్పేశాడు. తొంభై కిలోల మనిషి. ఇంతలో మేస్త్రీ వచ్చి డ్రైవరుని పక్కకి లాగి, చిన్నోడితో "గుండె కావచ్చురా బాబూ! ముందు డాక్టరు దగ్గరికి తగలడు. ఇంకో చావు నా నెత్తిన పెట్టకు" అన్నాడు.

చిన్నోడు వెళ్లాడు. వెళ్లమన్నారు కాబట్టి వెళ్లాడు.

క్లినిక్‌లో డాక్టరమ్మ కళ్లద్దాలు జుట్టులోకి తోసుకుని, "ఎక్కడ నొప్పి? అరచేత్తో కాదు, ఒక్క వేలితో చూపించండి" అంది.

చెయ్యి వెనక్కి మెలితిప్పబోతే అందలేదు. కింద నుంచి బొటనవేలు పెట్టి చూపించాడు.

"ఎప్పటి నుంచి?"

"తెలీదండీ."

"నిన్నటి నుంచా, నిరుటి నుంచా?"

"మధ్యలో ఎప్పుడో."

ఆవిడ విసుక్కోలేదు. నొప్పి చేతిలోకి గాని దవడలోకి గాని పాకుతోందా, మెట్లెక్కితే ఎక్కువవుతోందా, దగ్గులో రక్తం పడిందా, జ్వరం వచ్చిందా అని ఒక్కొక్కటే అడిగింది. అన్నిటికీ లేదన్నాడు. బరువు తగ్గారా అంటే ప్యాంటు బెల్టు చూపించాడు. రెండు చిల్లులు లోపలికి వచ్చింది.

"తిండి తింటున్నారా?"

"పెడితే తింటున్నానండీ."

గుండె సంగతి ముందు తేల్చాలంటూ ఛాతీకి వైర్లు తగిలించి ఈసీజీ తీయించింది. కాగితం చూసి పక్కన పెట్టేసింది. తర్వాత చొక్కా విప్పించి వెన్నెముక మీద ఒక్కొక్క పూసనీ వేలి కణుపుతో తట్టింది. ఏమీ లేదు. పక్కటెముకలు పై నుంచి కిందికి లెక్కపెట్టుకుంటూ ఒక్కొక్కటే నొక్కుతూ వచ్చింది. ఒకచోట అతని ఒళ్లు ఉలిక్కిపడి ముందుకి జరిగింది.

"నొప్పా?"

"జరిగానాండీ?" అని అడిగాడు. జరిగినట్టు అతనికి తెలియలేదు.

ఆవిడ ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసింది. ఒక చెయ్యి రొమ్ము మీద, ఇంకో చెయ్యి వీపు మీద నొప్పికి దూరంగా పెట్టి రెండువైపుల నుంచీ మెల్లగా అదిమింది. నొక్కని చోట, ఆ రెక్క కిందే, కత్తి దిగినట్టయింది. ఈసారి తెలిసింది. "అబ్బా" అన్నాడు. ఆరు వారాల్లో అతను అన్న మొదటి అబ్బా అది.

"ఇది కండరం కాదు, ఎముక" అని ఎక్స్‌రేకి రాసిచ్చింది.

ఫిల్ము వచ్చాక దీపం పెట్టె మీద అతికించి పెన్నుతో చూపించింది. "ఆరు, ఏడు, ఎనిమిది. మూడూ వెనకవైపే విరిగాయి. విరిగిన చోట చుట్టూ తెల్లగా ముద్దలా కనిపిస్తోందే, అది కొత్తగా పడుతున్న ఎముక. అంటే ఇవాళ తుమ్మితే విరిగినవి కావు. అతుక్కుంటున్నవి కాస్తా తుమ్ముకి కదిలాయి. నెల పైమాటే. అప్పుడేమైంది మీకు?"

"నాకేం కాలేదండీ. మా బావకైంది."

చెప్పాడు. ఎవరిదో సంగతి చెప్పినట్టు, గొంతు పెంచకుండా, తగ్గించకుండా చెప్పాడు. చివర "నేను పైనే నిలబడి వదిలేశాను" అన్నాడు.

"పైనే నిలబడ్డవాడి వీపులో మూడెముకలు ఎలా విరుగుతాయి?"

చిన్నోడు ఫిల్ము వంక చూశాడు. అది తన ఒళ్లేనని నమ్మకం కుదరలేదు. మూలన ఉన్న నంబరుని చేతిలో చీటీతో పోల్చుకున్నాడు. తనదే.

"ఆ రోజు మిమ్మల్ని ఎవరూ పరీక్ష చేయలేదా?"

"నేను నడుస్తున్నాను కదండీ."

ఆవిడ నిట్టూర్చింది. "చూడండి, మీరు చేతులు వదిలారో లేదో ఎముక చెప్పదు. వీపు మీద గట్టిగా పడ్డారని మాత్రం చెబుతుంది. అంతవరకే నేను చెప్పగలను." ఆరు వారాలు బరువు ఎత్తొద్దంది. వీపుకి గుడ్డలు బిగించి కట్టొద్దంది. మాత్ర వేళకి వేసుకుని గంటకోసారి నిండుగా ఊపిరి పీల్చాలని, లేకపోతే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుందని చెప్పింది. ఆయాసం గాని జ్వరం గాని వస్తే ఆగకుండా రమ్మంది.

చిన్నోడు ఫిల్ము కవరు చంకలో పెట్టుకుని బయటికి వచ్చాడు. కాళ్లు ఇంటివైపు పోలేదు. రెండు బస్సులు మారి ఆ మూడంతస్తుల ఇంటికి వెళ్లాడు. మెట్ల దగ్గర నిలబడ్డాడు. బూడిద రంగు మెట్లు, ఒకవైపు ఇనప కటకటాలు. ఏదైనా గుర్తొస్తుందేమో అని చూశాడు. రాలేదు. మెల్లగా ఎక్కి మొదటి అంతస్తు మలుపులోకి వచ్చేసరికి ఎదురుగా తలుపు తెరుచుకుంది. ఆ వాటాలో ఉండే రిటైరైన లెక్కల టీచరమ్మ, చేతిలో చెత్తబుట్ట.

"నువ్వా! వీపెలా ఉంది నాయనా?" అంది.

ఇన్నాళ్లలో ఆ మాట అడిగిన మనిషి ఈవిడే.

"మీకెలా తెలుసండీ?"

"ఎలా తెలుసేమిటి? నా కళ్ల ముందే కదా పడ్డావు." ఆవిడ బుట్ట కింద పెట్టింది. "బీరువా దింపుతున్న చప్పుడుకి తలుపు తీశాను. పైవాళ్లు ఇల్లు కడిగి నీళ్లన్నీ మెట్ల మీదకి తోసేశారు. మీ బావ కాలు జారింది. బీరువా కిందకొచ్చింది, దాంతో పాటు నువ్వూ వచ్చావు. మెట్ల అంచులకి వీపు కొట్టుకుంటూ తొమ్మిది మెట్లు. ఇదిగో, ఇక్కడ ఆగింది."

"నేను వదిలేశానాండీ?"

"వదిలేస్తే కిందకెలా వస్తావు? బెల్టు నీ భుజానికి బిగుసుకుపోయి ఉంది. వంటింటి కత్తెర తెచ్చి నేనే కోశాను. నీ వేళ్లు అంచు మీద నుంచి ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. విప్పుతుంటే నాకు థాంక్స్ కూడా చెప్పావు."

"నాకు గుర్తులేదండీ."

"మీ మేస్త్రీ వచ్చి అడిగితే అంతా చెప్పానే. మీ ఇంటివాళ్లకి చెప్తానన్నాడు."

మేస్త్రీ చెప్పలేదు. మర్చిపోయాడో, చెప్తే తడి మెట్ల మీద బీరువా ఎందుకు దింపించావని తననే అడుగుతారనుకున్నాడో. తనకి కోపం వస్తుందేమో అని చిన్నోడు కాసేపు ఎదురుచూశాడు. రాలేదు. టీచరమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగి, గ్లాసు జాగ్రత్తగా తిరిగి ఇచ్చి, మెట్లు దిగాడు.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. అక్క కిటికీ దగ్గర కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. కవరు చూసి, గోడతో కాకుండా ఈసారి అతనితోనే, "ఏంటది?" అంది.

"ఎక్స్‌రే."

లాక్కుని ఫిల్ము కిటికీ వెలుతురుకి పట్టింది. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. అతను వేలు పెట్టి మూడు చోట్లా చూపించాడు. డాక్టరమ్మ అన్నది చెప్పాడు. టీచరమ్మ అన్నది చెప్పాడు. కలిపి పది మాటలు కూడా లేవు.

అక్క చాలాసేపు ఫిల్ము దించలేదు.

"మరి నువ్వెందుకు చెప్పలేదురా?"

"నాకు తెలిస్తే కదక్కా."

"మూడెముకలు విరిగితే తెలీలేదా?"

"తెలీలేదు."

"అయితే ఎవరు వదిలేశారు?"

"ఎవరూ వదల్లేదక్కా. మెట్టు తడిగా ఉంది."

అక్క ఫిల్ముని మడతపెట్టిన బట్టల మీద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. "ఎవరో ఒకరు ఉంటే బాగుండేదిరా" అంది. "రోజూ పొద్దున లేచి నిన్ను తిట్టుకునేదాన్ని. లోపలే. దాంతో పొయ్యి దగ్గరికి పోగలిగేదాన్ని. ఇప్పుడు నీళ్లని తిట్టుకోనా?"

"నన్నే తిట్టుకో అక్కా. నాకేం ఫర్వాలేదు."

"నోరు ముయ్యి" అంది అక్క.

ఆ తర్వాత లేచి, చొక్కా తియ్యమంది. వీపు మీద కమిలిన గుర్తులు ఎప్పుడో పోయాయి, చూడ్డానికేమీ లేదు. అయినా అక్క రెక్క కింద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడింది. ఆ చెయ్యి వెచ్చగా ఉందో చల్లగా ఉందో అతనికి తెలియలేదు. ఉందని మాత్రం తెలిసింది.

అక్కాతమ్ముళ్లు మునుపటిలా అయిపోయారని చెప్పలేం. మర్నాడు అక్క మేస్త్రీ దగ్గరికి వెళ్లి, అందరి ముందూ టీచరమ్మ మాటలు అతని నోటితోనే చెప్పించి వచ్చింది. ఏమన్నాడని చిన్నోడు అడిగితే, "నేల చూశాడు" అని ఒక్క మాట చెప్పి వంటింట్లోకి వెళ్లింది. కొన్ని రోజులు మాట్లాడేది, కొన్ని రోజులు మళ్లీ గోడతోనే. ఎముకలు అతుక్కున్నాక కంపెనీ అతన్ని బరువులకి కాక గాజు సామాను కాగితాల్లో చుట్టే పనికి పెట్టింది. ఒకరోజు అలా చుట్టి వచ్చి తింటూ, మొదటి ముద్దకే ఆగాడు.

"ఏంట్రా?"

"ఉప్పు ఎక్కువైందక్కా."

అక్క తన కంచంలోంచి కొంచెం నోట్లో వేసుకుని చూసింది. "అవును" అని, నీళ్ల చెంబు అతనివైపు జరిపింది.