మడ్‌గార్డు మీద గొట్టం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. డ్రైవింగ్ స్కూల్లో నా దగ్గర నేర్చుకునేవాళ్లు ఎదురొచ్చే లారీకన్నా పక్కనున్న నన్ను చూసే ఎక్కువ వణుకుతారు. ఈ కోపం నాన్న దగ్గర్నుంచి వచ్చింది కాదు. ఆయనకి కోపం, సంతోషం, ఏదీ వచ్చినట్టు కనబడేది కాదు.

క్లాసులో ఫస్టొచ్చానంటే "ఊఁ" అనేవాడు. జ్వరమొచ్చిందన్నా "ఊఁ" అనేవాడు. పెళ్లై నేను వెళ్లిపోతుంటే ఇంటిల్లిపాదీ ఏడుస్తున్నారు, ఆయన మాత్రం వంగి మా కారు టైర్లలో గాలి చూస్తున్నాడు. నాన్నకి నేనంటే ఇష్టమేనా? ఈ ప్రశ్న మోసుకునే ఇంతదాన్నయ్యాను. నిరుడు ఆయన పోయాక అడగడానికి మనిషి కూడా లేకుండా పోయాడు.

మా ఇద్దరికీ కలిపి ఉన్నదల్లా ఆ పాత ట్రాక్టరే. పొద్దున్నే పొలానికి వెళ్తూ నన్ను ఎడమ మడ్‌గార్డు మీద కూర్చోబెట్టి బడి దగ్గర దింపేవాడు. పట్టుకోవడానికి అక్కడొక వంపు గొట్టం ఉండేది. ఎండకి కాలకుండా దానికి రబ్బరు కూడా చుట్టి ఉండేది. బండి కదిలే ముందు, వెనక్కి తిరక్కుండానే అడిగేవాడు.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

మా కబుర్లు అంతటితో సరి. చిన్నపిల్లల గురించి కూడా ఆలోచించి గొట్టం పెట్టారంటే ఆ కంపెనీవాళ్లు ఎంత మంచివాళ్లో అనుకునేదాన్ని. మా పెరట్లో హ్యాండిల్ లేని సైకిలొకటి తుప్పు పడుతూ ఉండేది. ఎవరో విరగ్గొట్టారనుకున్నాను. నాన్న ఎంత దూరమైనా నడిచే వెళ్లేవాడు.

తర్వాత పొలమూ పోయింది, ట్రాక్టరూ పోయింది. నాన్న పోయాక దానికోసం వెతకడం మొదలుపెట్టాను. నీకేమైనా పిచ్చా అన్నారు మా ఆయన. అవునన్నాను. చివరికి ఒక కోత మిల్లు వెనకాల దొరికింది. ఎడమవైపు గోడకి ఆనుకుని, రంపపు పొట్టులో సగం కూరుకుపోయి ఉంది. నంబరు చూసి గుర్తుపట్టాను. మిల్లు యజమాని అడిగినంతా ఇచ్చి, లారీ మీద ఎక్కించి, పాత బండ్లు బాగుచేసే మేస్త్రీ షెడ్డుకి పంపించాను.

మేస్త్రీ నెమ్మదస్తుడు. నేను నెమ్మదస్తురాల్ని కాను. ఆ మోడల్ ట్రాక్టర్ది కంపెనీ బొమ్మ ఒకటి సంపాదించి ఆయన షెడ్డు గోడకి అంటించాను.

"చూడండి మేస్త్రీ గారూ, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా కావాలి. చేతులు మారిన కొద్దీ ఎవరికి తోచింది వాళ్లు తగిలించేసుంటారు. కంపెనీ ఇవ్వనిదేదీ దాని మీద ఉండటానికి వీల్లేదు."

"అలాగేనమ్మా. కానీ పాత బండి కదా, ఒకసారి మీరు కూడా దగ్గరుండి చూస్తే..."

"నాకు తీరిక లేదు."

ఇంజను విప్పారు, పిస్టన్లు మార్చారు. ఎక్కడెక్కడి పాత సామాన్ల కొట్లలోనో తిరిగి రేడియేటర్ తెచ్చారు. ఒకరోజు ఆయన ఫోన్ చేసేసరికి నా పక్కనున్న అమ్మాయి గేరు మార్చలేక కారుని కుప్పిగంతులు వేయిస్తోంది.

"అమ్మా, మడ్‌గార్డుకి ఎవరో సైకిల్ గొట్టం అతికించారు. బొమ్మలో లేదు. బాగా అరిగిపోయింది కూడా. ఉంచమంటారా?"

"నన్నడుగుతారేంటండీ? కోసి పారేయండి! క్లచ్ తొక్కమ్మా, క్లచ్!"

బండి సిద్ధమైందన్న రోజు అమ్మని కూడా తీసుకెళ్లాను. ఎర్రటి రంగులో ధగధగలాడుతోంది. సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. సంతోషంతో నా కళ్లు తడిశాయి. గబగబా ఎడమవైపుకి వెళ్లాను. అక్కడ నున్నటి మడ్‌గార్డు తప్ప ఏమీ లేదు.

ఒంటికాలి మీద లేచాను. "గొట్టం ఏదండీ? ఇక్కడ ఉండాల్సిన గొట్టం! కంపెనీ ఇచ్చిందాన్ని ఊడబెరికి అమ్ముకున్నారా?"

మేస్త్రీ మొహం పాలిపోయింది. గోడ మీది బొమ్మ చూపించాడు. బొమ్మలో గొట్టం లేదు. ఎడమవైపూ లేదు, కుడివైపూ లేదు.

"మీరే కోసేయమన్నారు కదమ్మా. ఫోన్లో."

"కంపెనీవాళ్లు గొట్టమెందుకిస్తారే, పిచ్చిదానా?" వెనకనుంచి అమ్మ గొంతు. "అది మీ నాన్న పెట్టాడు."

నేను అమ్మ వైపు తిరిగాను.

"బడికి మొదటిసారి వెళ్లేటప్పుడు గుంటలో బండి ఎగిరి నువ్వు జారిపోబోయావు. మీ నాన్న ఒంటిచేత్తో నీ గౌను పట్టుకుని ఆపాడు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. సాయంత్రం సైకిల్ హ్యాండిల్ కోయించి, మడ్‌గార్డుకి అతుకు పెట్టించాడు. ట్యూబు కోసి ఆయనే చుట్టాడు. పక్కూరెళ్లాలంటే ఎలాగయ్యా అంటే, నడుస్తాలే అన్నాడు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నీకు తెలుసనుకున్నానే. రోజూ పట్టుకునేదానివి కదా."

అంతటి ప్రేమా నా అరచేతిలోనే ఉండేది. నేనేమో దాన్ని కంపెనీ ఖాతాలో వేశాను. దాన్ని నా నోటితో నేనే కోయించాను.

మేస్త్రీ షెడ్డు వెనక తుక్కు కుప్పంతా చేతులతో తిరగేశాడు. నేనూ మోకాళ్ల మీద కూర్చుని వెతికాను. నట్లు, రేకులు, పాత సైలెన్సర్ దొరికాయి. కిందటి వారం తుక్కు లారీ వచ్చి వెళ్లిందని, ఈపాటికి కొలిమిలో కరిగిపోయుంటుందని మరీ మరీ అడిగితే చెప్పాడు.

"అచ్చం అలాంటిదే ఇంకోటి అతికిస్తానమ్మా," అన్నాడు.

వద్దన్నాను. మడ్‌గార్డు మీద వేళ్లతో తడిమాను. కనీసం అతుకు మచ్చయినా తగులుతుందేమోనని. లప్పం పెట్టి, రుద్ది, రంగు వేశారు. పనితనంలో వంక పెట్టడానికి లేదు.

అమ్మ కళ్లు తుడుచుకుని, "ఎక్కవే, ఒకసారి తిరిగిరా," అంది. చిన్నప్పటిలా ఎడమవైపు ఎక్కి కూర్చున్నాను. మేస్త్రీ సీట్లో కూర్చుని గేరు వేశాడు. నా వైపు చూడలేక కాబోలు, వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"పట్టుకున్నారా అమ్మా?"

నా చెయ్యి ఎప్పుడో వెనక్కి వెళ్లిపోయింది. కొత్త రంగు మీద జారిపోతూ వెతుక్కుంటోంది.

"పట్టుకున్నా," అన్నాను.