ఉసిళ్ల పుట్ట మీది గొంగడి

దొర ట్రాక్టరు మా ఊరి బీడుల పుట్టలను పగలగొట్టంగ నేను కండ్లార చూసిన. తెల్లటి పిల్ల పురుగులు ఎండకు గిలగిల కొట్టుకున్నయి. దొర మనిషి లింగయ్య వాటిని చెప్పుతో నలుపుకుంట నవ్విండు.

చదువుకునే బిడ్డలారా, మీకు పుట్టంటే మట్టి. మా కేతేపల్లి దిక్కు కురుమోళ్లకు అది తిండి. తొలివాన పడ్డ సాయంత్రం పుట్ట మీద గొంగడి కప్పి, దీపం పెట్టి, ఎగిరే ఉసిళ్లను పట్టుకుందుము. జొన్నలతో వేయించి నా బిడ్డలు బక్కమ్మకు, గుర్వమ్మకు పెడుదును. మొదట లేచిన గుంపును మాత్రం ఇడిచిపెట్టాలె. మళ్లేటికి పుట్టలు కావాలె గద.

బీడు దొరదా, ఊరిదా తేల్చ తాసీల్దారు విచారణకొచ్చిండు.

"ఈ బీడు మీకెందుకు?"

"గొర్లకయ్యా," అన్నరు మగోళ్లు. పురుగులు తింటమని చెప్ప సిగ్గు.

"గుట్టకు తోలుకోండి."

నా పెద్దది బక్కమ్మ లేచింది. కొంగు పట్టి గుంజిన. "కూసో బిడ్డా, సంపుతరు."

"ఇడువమ్మా! ఉసిళ్లు తింటం సారూ! మా జొన్నలు దొర గడిల పడ్డయి. మాకు పుట్టలే గరిసెలు."

లింగయ్య పకపక నవ్విండు. "పురుగులు తినేటోళ్లకు భూమా?"

"పండుగకో మా గొర్రెను మింగే మీ దొరకు కావాలె, మాకొద్దారా?" అన్నది మా వాడల పెద్దామె బీరమ్మవ్వ.

"తింటం!" అని ఆడోళ్లంత లేచిన్రు. తాసీల్దారు ఏం తేల్చకుంట జీపెక్కిండు.

ట్రాక్టరు మళ్లొచ్చింది. మిగిలింది ఒక్క పుట్ట. గొంగడి కప్పి చుట్టు కూసున్నం. బక్కమ్మ ముందట నిలబడ్డది. ట్రాక్టరు ఆగలే; బిడ్డ మీదికెక్కినంకనే ఎనుకకు మళ్లింది, పుట్ట దక్కింది. దవాఖానకని బండి కట్టినం. నార్కట్‌పల్లి రాకముందే బిడ్డ నా ఒళ్లె చల్లబడ్డది. నేనెప్పుడు ఏది తలుసుకోని వణికిన్నో అదే అయ్యింది.

తొలివాన పడ్డది. మేము కాపాడిన పుట్ట నుంచి ఉసిళ్లు లేచినయి.

"ఒక్క పుట్టయి ఎగిరి ఏం లాభం? ఇంకో పుట్టయి జత కూడితేనే గద వంశం," అని బీరమ్మవ్వ ఏడ్చింది.

గట్టు అవతలి నుంచి ఇంకో ఉసిళ్ల గుంపు లేచొచ్చింది. దాని ఎనుక దీపాలు పట్టుకోని పక్కూరి ఆడోళ్లు. తెల్లారితే వాళ్ల బీడుకు ట్రాక్టరు వస్తదట. రెండు గుంపులు కలిసిపోయినయి. ఎవ్వరం గొంగడి కప్పలే.

"మీ పుట్టకాడ ముందట నేను నిలబడత," అన్న.

చిన్నది గుర్వమ్మ నా కొంగు పట్టి గుంజింది. "వద్దమ్మా, సంపుతరు."

"ఇడువు బిడ్డా," అన్న.