తడి తరుగు

నా మనవడు తెబౌకి నాలుగేళ్ళు నిండిన వారానికే ఊపిరితిత్తుల జ్వరం పట్టుకుంది. పక్కటెముకలు లోపలికి గుంజుకుపోతున్నాయి. చంకనేసుకుని ఆస్పత్రికి పరిగెత్తాను. ఆస్పత్రంటే రెండు గదులు, ఒక నర్సు. పేరు ఎరిటా, మా దీవికి వచ్చి రెండు నెలలే. గడియారం చూస్తూ వాడి ఊపిరి లెక్కపెట్టింది.

"నిమిషానికి యాభై ఆరు. సూది వెయ్యాల్సిందే అమ్మమ్మా. కిలోకి ఇంత అని మందు కట్టాలి. పిల్లాడి బరువెంత?"

"ఎత్తుకునేదాన్ని గానీ తూచేదాన్నా తల్లీ?"

ఆస్పత్రి కాటాని ఉప్పుగాలి తినేసింది. పెద్దాస్పత్రి ఉన్న తరవా దీవి నుంచి విమానం రావడానికి ఇంకా రెండు రోజులుంది. ఇక మిగిలింది ఎండుకొబ్బరి కొట్టంలో కాటా ఒక్కటే. వాడికి తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, నీళ్ళు కారుతుండగానే అక్కడికి తీసుకెళ్ళాం.

కాటా వేసే కైటారా నలభై ఏళ్ళుగా ఆ కొక్కెం కిందే నిలబడ్డాడు. బస్తా తగిలించేలోపే అంకె పలుకుతాడు. నాకూ అతనికీ ఆ నలభై ఏళ్ళూ పోట్లాటే. నా కొబ్బరి ఎంత ఎండినా సరే, వేలితో నొక్కి "తడుందక్కా" అంటాడు, పావు వంతు తరుగు తీసేసి మిగిలిందే పలుకుతాడు.

ఆ రోజు మాత్రం వెంటనే ఉత్త గోనెసంచిలో పిల్లాణ్ణి మెడదాకా కూర్చోబెట్టి కొక్కేనికి తగిలించాడు. ఊగకుండా ఎరిటా వాడి తలను తన గుండెకు ఆనించుకుంది. ముల్లు ఆమె వీపు వెనకుంది. తెబౌ ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది.

"పన్నెండు," అన్నాడు కైటారా.

"నాలుగేళ్ళ పిల్లాడికి పన్నెండేనా?" అంది ఎరిటా.

"జ్వరానికి చిక్కిపోయుంటాడు లేమ్మా."

ఆమె అరచేతిలో రాసుకుని హెచ్చవేసింది. నాకు చదువు లేదు, అంకెలు గుర్తుపట్టలేను. కానీ మొగలాకు చాప అల్లేదాన్ని, ఐదేసి పాయలుగా కంటితోనే లెక్కపెడతాను. ఆ కాటా మీదా ఐదు గీతలకొక పొడుగు గీత. ముల్లు మూడు పొడుగు గీతలు దాటి, ఇంకో రెండు చిన్న గీతల మీద నిలబడింది. అది పదిహేడు. సంచికి ఒకటి పోయినా పదహారుండాలి.

ఎరిటా అప్పటికే పిల్లాణ్ణి భుజానేసుకుని గుమ్మం దాటుతోంది.

"ఆగు తల్లీ!" అని అరిచాను. "ఏం తమ్ముడూ, నా మనవడికీ తడి తరుగు తీశావా?"

"నీకు పిచ్చా అక్కా? పిల్లాడికి తరుగేమి..." అంటూనే ఆగిపోయాడు. అతని పెదాలు కదిలాయి. పదిహేడు, సంచికి ఒకటి, తడికి పావు వంతు. నీళ్ళోడుతున్న సంచిని చూసి నోరు దానంతటదే తీసేసింది. ఆ మొహంలో నెత్తురు లేదు.

"తీశాను," అన్నాడు.

ఎరిటా వెనక్కి వచ్చింది. "నాలుగు కిలోలు తక్కువ చెప్పావు మావా. ఆ లెక్కన మందు వేస్తే జబ్బు లొంగదు. విమానం వచ్చేదాకా ఆగదు కూడా."

కైటారా తన చొక్కా విప్పి తెబౌ ఒళ్ళు పొడిగా తుడిచాడు. ముందు ఉత్త సంచి తగిలించి, "నువ్వు చదవమ్మా," అన్నాడు. తరవాత పిల్లాడితో తగిలించి మళ్ళీ ఆమెనే చదవమన్నాడు. తాను మాత్రం పిల్లాణ్ణి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

పదహారు.

ఎరిటా అరచేతిలో అంకె కొట్టేసి కొత్తది రాసింది. సూది దిగినప్పుడు తెబౌ మూలిగాడు. మూడు రోజులు పూటకోసారి ఊపిరి లెక్కపెట్టింది. యాభై, నలభై నాలుగు, ముప్పై. విమానం వచ్చింది గానీ వాణ్ణి ఎక్కించాల్సిన పని లేకపోయింది.

ఆ మూడు రోజులూ కైటారా ఆస్పత్రి మెట్టు మీదే కూర్చున్నాడు. నేను కొబ్బరి నీరా ఇస్తే పుచ్చుకోలేదు. "అనకు అక్కా, ఏమీ అనకు," అన్నాడు. నీరాని అతని పక్కనే పెట్టి లోపలికి వెళ్ళాను.

ఇప్పుడు కొట్టంలో అతను ఒక్క అంకె చెప్పి ఊరుకోడు. ముల్లు చూపించింది చెబుతాడు, సంచి బరువు చెబుతాడు, తరుగు తీస్తే ఎందుకో, ఎంతో చెబుతాడు. ఆ తరవాతే మిగిలింది పలుకుతాడు. ఎండలో వరసన నిలబడ్డవాళ్ళు, "ముసలాయన నత్తయిపోయాడు" అని గొణుగుతారు. నేను నా బస్తా దించుకుని, నా వంతు వచ్చేదాకా దాని మీద కూర్చుంటాను.