కుంటిన తాళం

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద బస్సుల హారన్లు మొదలయ్యే వేళకు రూత్ ప్రార్థన ముగించుకుని, పొయ్యి మీద చాయ్ పెట్టి, టేప్‌రికార్డర్ మీట నొక్కుతుంది. అందులోంచి ఆమె భర్త, కాలం చేసిన దయాకర్, డ్రమ్స్ వాయిస్తాడు.

బతికున్న రోజుల్లో అతను ఆదివారం చర్చిలో, మిగతా సాయంత్రాలు పట్నంలోని ఒక హోటల్లో జాజ్ బ్యాండుతో వాయించేవాడు. కుర్చీ కింద టేప్ పెట్టుకుని అక్కడ రికార్డు చేసుకున్న క్యాసెట్లే ఇవి. ముందే అనుకున్నది ఎన్నడూ వాయించలేదు. ఎవరైనా దగ్గితే దగ్గుకు, గ్లాసు జారితే గ్లాసుకు అప్పటికప్పుడు జవాబు చెప్పేవాడు. చర్చిలోనూ అంతే. "జర తిన్నగ కొట్టరాదు, పాట పాడెటోళ్లు ఆగమైతున్రు," అని రూత్ బతిమాలితే నవ్వేవాడు.

పోయాక కూడా ఆ అలవాటు పోలేదు. కుక్కర్ కూస్తే క్యాసెట్లోంచి అందుకుంటాడు. పక్కింటి రేణుకమ్మ కారం దంచితే రోకలికి దరువు కలుపుతాడు. "అన్న ఉంటె చెయ్యి గుంజదు వదినా," అని ఆమె రోలును ఈ గోడ పక్కకే జరుపుకున్నది.

ఈ ఎండాకాలం అతని తాళం కుంటడం మొదలైంది. రెండు దెబ్బలు తొందర తొందరగా, తర్వాత ఒక ఖాళీ, మళ్లీ ఒక దెబ్బ. కుక్కర్ పిలిచినా పలకడు. కూతురు అరుణ కొంగరకలాన్ ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చి, టేప్ హెడ్డు స్పిరిట్‌తో తుడిచింది, వేరే క్యాసెట్ వేసింది. అదే కుంటు. ఇంట్లో ఎవరికీ కాలు నిలవడం లేదు. రూత్‌కు నిద్ర లేదు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఫికర్‌తోనే అనుకున్నారు.

"పోయినేడు మీ బాపు జ్ఞాపకార్థ కూడిక పెట్టకపోతిమి. గందుకే," అన్నది రూత్.

"బాపు అన్నానికి అలిగేటోడా అమ్మా?"

"బగారన్నమైతె అలుగుతడు."

కూడిక పెట్టారు. పాస్టర్ ప్రార్థన చేశాడు. దయాకర్‌కు వినబడాలని టేప్‌ను వంటింటి కిటికీలో పెట్టి, వాకిట్లో టెంటు కింద జనాన్ని కూర్చోబెట్టారు. అరుణ టేప్ దగ్గరే నిలబడి విస్తళ్లు అందిస్తున్నది. తల్లి గిన్నె పట్టుకుని టెంటులోకి పోతే దెబ్బ సాఫుగా పడి, గంటెల చప్పుడుకు, పిల్లల నవ్వులకు జవాబు చెబుతున్నది. తల్లి లోపలికి వస్తే కుంటుతున్నది.

"అమ్మా, బయటికి పో."

"ఏందే?"

"పో జర."

రూత్ పోయింది. తాళం సర్దుకుంది.

"ఇగ రా."

వచ్చింది. తాళం కుంటింది.

"అన్న అలిగింది నీ మీదనే వదినా!" అన్నది రేణుకమ్మ. జనం నవ్వారు. అరుణ నవ్వలేదు. తల్లిని పట్టుకుని ఛాతీకి చెవి ఆనించింది. టేపులో దెబ్బ, చెవిలో దెబ్బ ఒక్కసారే పడ్డాయి. ఖాళీ కూడా ఒక్కసారే వచ్చింది.

"ఎన్నొద్దుల సంది ఇట్లున్నదమ్మా నీకు?"

"ఏం లేదే. ప్రభువు చూస్కుంటడు."

"చూస్కుంటనే ఉన్నడు. బాపుతోని చెప్పిస్తున్నడు. ఆటో ఎక్కు."

వడ్డన రేణుకమ్మ చేతిలో పెట్టి దవాఖానకు పోయారు. గుండె మధ్యమధ్యలో ఆగుతున్నదని, ఇంకొన్నాళ్లు ఊరుకుంటే నిద్రలోనే పోయేదని డాక్టరమ్మ చెప్పింది. భుజం కింద చర్మంలో, గుండెను లయ తప్పనియ్యని చిన్న యంత్రం పెట్టి పంపింది.

ఇంటికొచ్చిన మర్నాడు రూత్ ప్రార్థన చేసుకుని, చాయ్ పెట్టి, మీట నొక్కింది.

ఒక దెబ్బ. ఒక దెబ్బ. ఒక దెబ్బ. కొత్తగా నేర్చుకునే పిల్లవాడిలా, అటూ ఇటూ పోకుండా. కుక్కర్ కూసింది. అతను తల తిప్పలేదు.

"ఏంది వదినా, అన్న గింత సప్పగ కొడ్తుండు?" గోడవతల నుంచి రేణుకమ్మ అడిగింది.

రూత్ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంది.

"కొట్టనీ," అన్నది. "బతికినన్నాళ్లు తిన్నగ కొట్టుమని అడిగితె కొట్టకపాయె."