గుమ్మం బయటి నీళ్లు

పెరట్లో బకెట్ నిండిందంటే యశోద ఇల్లు చేరే వేళయిందని భవాని పేట్‌లో ఇరుగుపొరుగుకు తెలుసు. ఆమె పెద్దాసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి రాగానే వెనక తలుపు దగ్గర తలారా పోసుకోనిదే గడప దాటకూడదని అత్త సుందరాబాయి కట్టడి.

"ఎవరెవర్ని ముట్టుకొచ్చినవో ఏమో. ఆ మైల ఇంట్లకు తేకు."

పదకొండేళ్లుగా, పుష్యమాసపు చలిలోనూ అదే. ఒకసారి భర్త అంబాదాస్‌తో అంటే, "బకెట్ నీళ్లే గద. గంత దానికి పంచాయితేంది?" అన్నాడు. అతను రంగుల కార్ఖానాలో నూలుకు రంగు అద్దేవాడు. యాసిడ్ చిల్లులు పెట్టిన చొక్కాతో ముందు తలుపున వచ్చి, అలాగే పీట మీద కూర్చునేవాడు. ఆ చొక్కాలు ఉతికి ఉతికి యశోద వేళ్లు పగిలాయి. ఈ నీళ్లు తనను శుభ్రం చేస్తున్నాయా, దూరం పెడుతున్నాయా అని తనను తాను అడిగేది. జవాబు అందేలోగా పొయ్యి వెలిగించే వేళయ్యేది.

తొంభై ఒకటి జనవరిలో ఒక మధ్యాహ్నం ఆ కార్ఖానాలో ఎవరో బ్లీచింగ్ తొట్టిలో పొరపాటున యాసిడ్ పోశారు. పచ్చటి పొగ లేచింది. దగ్గుతూ, కళ్లు తెరవలేక పదముగ్గురు ఆసుపత్రికి వచ్చారు. అంబాదాస్ ఆ పూట బజారుకు వెళ్లి తప్పించుకున్నాడు. అతనికి సద్ది గిన్నె ఇవ్వడానికి వెళ్లిన సుందరాబాయి తప్పించుకోలేదు.

యశోద వార్డు తలుపుకు అడ్డంగా నిలిచింది. బట్టలకు పట్టిన గ్యాసు లోపలి రోగులనూ కమ్ముతుంది. బట్టలు తీసి, ఒంటిమీద నీళ్లు పోయనిదే ఎవరినీ లోపలికి పంపవద్దంది. ఆయాలు నలుగురు చద్దర్లు చాపి ఆడవాళ్లకు మరుగు కట్టారు.

"నలుగుట్ల చీరిప్పుమంటవా?" సుందరాబాయి కొంగు బిగించుకుంది. "కసి దీర్చుకుంటున్నవానే?"

యశోద చేతిలో మగ్గు ఆగింది. కాదని వెంటనే అనలేకపోయింది. అత్తను తలుపు బయట నిలబెట్టడంలో రవ్వంత తీపి తగిలిన మాట నిజం. ఆ తీపిని చూసింది. చూశాక దాన్ని మోయబుద్ధి కాలేదు.

"లోపట పండబెట్టనీకే పోస్తున్న, అత్తమ్మా. బయట ఉంచనీకే కాదు. నీ ఇజ్జత్‌కు నేనున్న. కండ్లు తెరువు."

రెండు వేళ్లతో రెప్పలు విప్పి పట్టుకుని, పావుగంట సేపు సన్నని ధార పోసింది. ఆ పావుగంటా సుందరాబాయి ఆమె మణికట్టు వదల్లేదు.

పదిహేను రోజులకు సుందరాబాయి ఇల్లు చేరింది, కార్ఖానా మళ్లీ తెరిచారు, పెరట్లో బకెట్ మళ్లీ నిండింది.

ఆ సాయంత్రం యశోద ముందు తలుపునే వచ్చింది. అంబాదాస్ పని చొక్కాతోనే పీట మీద కూర్చోబోతున్నాడు.

"నేను దవాఖానలనే పోసుకున్న," అంది. "పెరట్ల నీళ్లు నీకు."

"పిచ్చి లేసిందా? అమ్మా, సూడే దీన్ని."

సుందరాబాయికి దగ్గు తెర వచ్చింది. ఎర్రటి కళ్లతో కొడుకు చొక్కాను చూసి, పీటను కాలితో వెనక్కి జరిపింది.

యశోద పెరటి తలుపు తీసి పట్టుకుంది.

"బకెట్ నీళ్లే గద," అంది.